తొమ్మిది డిగ్రీల ఎత్తులో

మంగళవారం రాత్రి గాలి
ఓడ్నీ ఇంటి డిష్షు మెడ తిప్పేసింది.
విరగలేదు, ఊడలేదు,
అలిగిన పిల్లలా మొహం అటు పెట్టుకుందంతే.

మధ్యాహ్నం పన్నెండు. చీకటి.
వరాంగర్ తీరంలో నవంబరు ఆఖర్న మునిగిన సూర్యుడు
జనవరిలో గాని తేలడు.
నీడ చూసి దిక్కు పట్టే మా నాన్న విద్య
ఈ రెండు నెలలూ చెల్లదు.
అందుకే జేబులో ఫోను.

గాలికి మాట నిలవదు కనక
నిచ్చెనెక్కే ముందే ఒప్పందం చేసుకున్నాం.
లోపల టీవీ ముందు ఓడ్నీ, చేతిలో చెంచా.
కిటికీ అద్దం మీద ఒక దెబ్బ: ఏమీ లేదు.
రెండు: గీత పెరుగుతోంది.
ఆపకుండా కొడితే: దొరికింది.

కెమెరా తెరిస్తే
నల్లటి ఆకాశం మీద ఒక పచ్చ గీత గీసింది యాప్,
గీత పొడుగునా పూసల్లా ఉపగ్రహాలు.
మాది ఫ్యోర్డుకి అవతల, కొండ భుజం మీద,
నేలకి తొమ్మిదంటే తొమ్మిది డిగ్రీల ఎత్తులో.
భూమధ్యరేఖ మనుషులకి నడినెత్తిన నిలిచేది
మా దగ్గరికొచ్చేసరికి
గుమ్మం తగులుతుందేమోనని వంగిన చుట్టం.

మా డిష్షులు పైకి చూడవు.
కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు,
మంచులో సూది పారేసుకుందా ఇది, అని.
నవ్వనీ.
దించిన తలతోనే అది
నలభై వేల కిలోమీటర్ల అవతలి గుసగుస వింటుంది.

చేతి తొడుగుతో నొక్కితే ఫోను వినదు.
తొడుగు తీస్తే వేలు నాది కాదు.
ముక్కుతో నొక్కాను.
రెండు వందల పన్నెండు డిగ్రీలు, అంది తెర.
తిప్పాను.
టక్.
ఒక్కటే.

మళ్ళీ కొలిచాను, మళ్ళీ తిప్పాను. టక్.
బ్యాటరీ ముప్ఫై ఎనిమిది నుంచి పదకొండుకి జారింది,
చంకలో పెట్టి వెచ్చజేశాను కోడిపిల్లలా.
ఇనప స్తంభం తప్పేమోనని
దిగి, పది అడుగులు దూరం పోయి నిలబడ్డాను.
అక్కడ కూడా ఫోను
లైట్‌హౌసుని తూర్పు నుంచి ఈశాన్యానికి జరిపేసింది.
నలభై ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఆ లైట్‌హౌసు
ఎటూ కదిలిన మనిషి కాదు.

విసుగ్గా ఫోను కవరు మూశాను.
చిటుక్కున అతుక్కుంది.

చిటుక్కున!
అయస్కాంతం.
రోజంతా దిక్సూచి చెవిలో చాడీలు చెబుతున్నది
అంచులో కుట్టిన ఈ చిన్న బిళ్ళ.
ఇంటిదొంగని దేవుడే పట్టలేడు,
దిక్సూచి ఎంత!
కిందటి పుట్టినరోజుకి ఓడ్నీయే ఇచ్చిన కవరు.
ఆ సంగతి ఆమెకి చెప్పను.
దాన్ని పోస్టు డబ్బాలో పడేసి మళ్ళీ ఎక్కాను.

లైట్‌హౌసు తన చోటికి తిరిగొచ్చింది.
భుజంతో డిష్షుని ఒత్తి పట్టి
వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి...
టక్ టక్.
ఇంకొంచెం.
టక్ టక్.
ఊపిరి బిగబట్టి ఇంకొంచెం.

చప్పుడు లేదు.

ఒక్క దెబ్బా లేదు, రెండూ లేవు.
పోయిందా? దాటేశానా?
కదిలించాలంటే భయం, వదలాలంటే భయం.
నట్టు బిగించాను, ఏ వేలితో బిగించానో తెలియకుండానే.
ఎంత సేపు ఉన్నానో అలా,
రేకుని కావలించుకుని,
కనిపించని దాని వైపు మొహం పెట్టి.

లోపలికి వెళ్తే
ఓడ్నీ కుర్చీలో ముందుకి వంగి ఉంది,
చెంచా ఒడిలో, నోరు కొంచెం తెరుచుకుని.
తెర మీద దేశం పటం.
వాతావరణం చెప్పే అమ్మాయి అటూ ఇటూ తిరుగుతోంది,
మా ఊరు, మా ఫ్యోర్డు, మా లైట్‌హౌసు
అన్నీ ఆమె మోచెయ్యి కింద.

"గాలి తగ్గిపోయిందట, ఐవింద్,"
అంది తల తిప్పకుండా.

బయట నిచ్చెన పడ్డ చప్పుడు.

"తలుపెయ్యి," అంది.