ఖాళీ బండి బరువు

ముందు నేనొక్కణ్ణే ఎక్కాను త్రాసు మీద. డెబ్బై ఒకటి.
తర్వాత సున్నాన్ని చంకనెత్తుకుని ఎక్కాను.
డెబ్బై ఏడు కిలోల రెండొందలు.
తీసివేస్తే పిల్లి.
పంతొమ్మిదేళ్లుగా బొగ్గు కాంటా మీద నేను చేసే లెక్కే ఇది,
నిండు బండిలోంచి ఖాళీ బండిని తీసెయ్యడం.
ఇంట్లో ఆ ఖాళీ బండిని నేను.

చంద్రపూర్‌లో డాక్టర్ ధోటే
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
"పిల్లి అని తెచ్చారు, ఇది గుమ్మడికాయ" అన్నాడు.
పరిగెత్తించాలి, రోజూ దువ్వాలి.
మందు రాయలేదు. రాస్తే సులువయ్యేది.

సున్నం అని పేరు, తెల్లనిది కాబట్టి.
బల్లార్షాలో తెల్లనిదాన్ని పెంచడం ఒక మొండితనం.
శేవంతాబాయి తీగ మీది దుప్పట్లు
ఆరేలోపే మాసిపోతాయి.
ఇది కిటికీలో గంట కూర్చుంటే చాలు
గని వచ్చి వీపు మీద వాలుతుంది.

నీళ్లు పోశాను ఒకసారి.
ఆ కథ నా ముంజేతి మీద ఉంది, నాలుగు గీతల్లో.

అందుకే దువ్వెన. అమ్మ వాడిన పేల దువ్వెన,
కొమ్ముది, రెండు పళ్లు లేవు.
మెడ దగ్గర మొదలుపెట్టి, వెంట్రుక వాలుకే పోవాలి.
పొట్ట దగ్గరికి వచ్చినా రానట్టు రావాలి.
చెవులు వెనక్కి పడ్డాయా, చెయ్యి ఆపు.
తోక నేలకు కొడుతోందా,
లేచి వెళ్లి మంచినీళ్లు తాగిరా.
చంక కింద ఉండ కట్టిన చోట కత్తెర పెట్టకూడదు.
నాన్న నూలు చిక్కు తీసినట్టు
వేలి కొసలతో, పోగు పోగుగా,
ఎవరినీ తిట్టకుండా.

దువ్వెన కాగితం మీద దులిపితే
చిటికెడు నల్లపొడి. అది కూడా కంపెనీదే.

వానాకాలం, రాత్రి షిఫ్టు.
టార్పాలిన్ మడతలోంచి తీసి
డ్రైవర్ కమరుద్దీన్ నా అరచేతిలో పెట్టాడు,
"బాబూ, ఇది కూడా తూకంలో ఉందా?"
తూకం చీటీ అప్పటికే చింపిచ్చేశాను.
తప్పేమీ రాలేదు.
మా కాంటా ఇరవై కిలోలకు లోపు దేన్నీ ఎరగదు.
క్వార్టర్‌కి తెచ్చి తడిగుడ్డతో తుడిచేదాకా
దాని రంగు నాకూ తెలియదు.

ఇక పరుగు.
చీపురుపుల్ల, దానికి సుతిలి, సుతిలి చివర కోడీక.
మా వరండా పదకొండు అడుగులు.
నడుం వంచి ఈ గోడ నుంచి ఆ గోడకి ఈడుస్తాను,
మోకాళ్లు లొటలొటలాడుతూ.
సున్నం ఒరిగి పడుకుని
సూపర్‌వైజర్‌లా చూస్తుంది.
"అహో భావోజీ, పళతయ్ కోణ్?"
గడప మీద శేవంతాబాయి నవ్వు.
నిజమే, పరిగెత్తుతున్నదెవరు?

వారం పట్టింది కిటుకు తెలియడానికి.
ఈక కళ్లెదుట ఉన్నంతసేపూ దానికి పట్టదు.
గ్యాసుబండ వెనక్కి మాయమైతే,
అప్పుడు
వెనక కాళ్లు తొక్కుకుంటుంది,
పిర్రలు ఊగుతాయి, ఒకటి, రెండు,
ఉరికింది!
చెంబు దొర్లింది, చాప ముడుచుకుపోయింది.
పదిసార్లలో మూడుసార్లు దొరకనివ్వాలి.
ఎన్నటికీ దొరకనిదాని వెంట
పిల్లి అయినా ఎన్నాళ్లు పోతుంది?

నెల తిరిగాక మళ్లీ త్రాసు.
ఇద్దరం కలిసి డెబ్బై ఏడున్నర.
ఇంత ఎగిరీ, ఇంత దువ్వీ, మూడొందలు పెరిగిందా!
దించి, ఒక్కణ్ణే నిలబడి చూసుకున్నాను.
సున్నం మూడొందలు తగ్గింది.
పెరిగింది ఖాళీ బండి.

దానికి మానిపించిన చేప తలకాయలు
పారెయ్యలేక ఎవరు తిన్నారో
శేవంతాబాయికి చెప్పలేదు.
ఆఫీసులో అయితే ఖాళీ బండి బరువెక్కినప్పుడు
రిమార్కుల గడిలో "చక్రాలకు బురద" అని రాస్తాం.

సున్నం వచ్చి నా పాదాలు రెండూ వాసన చూసింది,
అనుమానం తీరక
గ్యాసుబండ వెనక్కి వెళ్లి వెతుకుతోంది.