రెండు రకాల గుడ్లు

తెల్లారి ఆరింటికి ఏకాంబరం ఫోను:
"అక్కా, ఇంకోటి కొట్టుకొచ్చింది. ఆడది.
రాత్రే పోయినట్టుంది, కళ్లింకా లోపలికి పోలేదు."
నీలాంకరై ఇసుకలోంచి నలుగురం ఎత్తి
ఎవరి పెళ్లి ఫ్లెక్సీలోనో చుట్టి మినీ వ్యాన్‌లో వేశాం.
పెళ్లికొడుకు పేరు మీద ఎడమ తెడ్డు చాపుకుని
దారంతా అలాగే పడుకుంది.

షెడ్డులో కత్తి నస్రీన్‌ది.
నావి కళ్లు మాత్రమే.
ఇరవై రెండేళ్లు రాయపురం ఆస్పత్రిలో
పిల్లల మలం తెచ్చే అగ్గిపెట్టెలు తెరిచినదాన్ని.
ఏలికపాములు, కొంకిపురుగులు, వాటి గుడ్లు
లెక్కపెట్టి చీటీ మీద ప్లస్సులు వేసినదాన్ని.
మూడు ప్లస్సులుంటేనే డాక్టరు తలెత్తేవాడు.

పొట్ట చిప్ప ఊడదీశాక ముందు ఉప్పు వాసన,
తర్వాత గుండె.
గుండె నుంచి బయల్దేరే లావు నాళాన్ని
చిక్కుడుకాయ ఒలిచినట్టు చీల్చింది నస్రీన్.
కడిగిన నీళ్లు పళ్లెంలో తేరుకున్నాక
అడుగున సేమ్యా తుంపులు,
లేత గులాబి, కదులుతున్నాయింకా.
నెత్తురు పురుగులు. పదిహేడు.
ఒక్కోదాని ఒంట్లో ఆడా మగా రెండూ.
ఈ ఊళ్లో పది నెలల అడ్వాన్సు అడగని ఇల్లు
ఇదొక్కటే దొరికినట్టుంది వీటికి.

మెదడు ముక్క నలిపి గాజుపలక మీద పెట్టాను.
కండెల్లా రెండు కొసలూ సాగిన గోధుమరంగు గుడ్లు.
నెత్తురు ఎటు తోస్తే అటు పోయాయి.
పేగు దాకా వెళ్లినవి పెంటతో పాటు సముద్రంలో పడతాయి,
ఏ నత్తనో వెతుక్కుంటాయి.
ఇక్కడికొచ్చినవాటికి దారి లేదు.
ఒక్కోదాని చుట్టూ తాబేలు ఒళ్లు
ఓపిగ్గా చిన్న గోడ కట్టింది.
ఎన్నేళ్ల పనో ఇది.

"ఇటు చూడండి" అంది నస్రీన్.
ఈ గుడ్లకి మైక్రోస్కోపు అక్కర్లేదు.
తెల్లగా, గుండ్రంగా, పెంకు మెత్తగా.
బకెట్‌లోకి తీస్తూ పైకే లెక్కపెట్టింది,
నూట పదకొండు దగ్గర ఆగింది.
ఒక్క రాత్రి గడిస్తే ఇసుకలో ఉండేవి.
వాటిని ఇసుకలోకి పంపాలని ఇది,
తనవాటిని నీళ్లలోకి పంపాలని పురుగు.

ఏకాంబరం గుమ్మం దాటి రాడు.
కాశిమేడులో వాళ్ల బావది ట్రాలర్.
"పురుగు వల్లేనా అక్కా?" అన్నాడు,
అవునంటానేమోనని.
"పురుగుంది" అన్నాను.
అబద్ధం కాదు.
మెడ కింద తాడు ఒరిసిన గీత,
ఊపిరితిత్తుల్లో నురగ,
అవి కూడా ఉన్నాయి. అతను అడగలేదు.

పురుగుల గడిలో అలవాటుగా మూడు ప్లస్సులు వేశాను.
చావుకి కారణం అన్న గడి చాలా చిన్నది.
చేతులు కడుక్కుని, మళ్లీ ఒకసారి కడుక్కుని
రెండక్షరాలు రాశాను: వల.

బయట కుళాయి కింద
ఏకాంబరం ఫ్లెక్సీ కడుగుతున్నాడు.
నెత్తురూ ఇసుకా పోతుంటే
ముందు పెళ్లికూతురి ముక్కుపుడక తేలింది,
తర్వాత మొహం.