సి షిఫ్టు

మొదటి ఏడాది మాకు పేరు లేదు.
జ్ఞానాపురంలో ఫిలోమినా వాళ్ల మేడ మీద
నీళ్ల ట్యాంకు పక్కన ప్రాక్టీసు.
పోర్టు నుంచి ఎగిరొచ్చిన ఖనిజం దుమ్ము
సింబల్స్ మీద పేరుకునేది.
ఒక్క దెబ్బ కొడితే
పాటకంటే ముందు ఎర్రగా అది లేచేది.

ఆమె రాసేది వేబ్రిడ్జి చీటీల వెనక.
ముందువైపు లారీ నంబరు, నికర బరువు.
వెనక్కి తిప్పితే

*బెల్టు మీద మా నాన్న నిద్దర
ఎల్లిపోతంది
ఎవులైనా పట్టండి*

పేరు పెట్టింది డ్రమ్స్ కోదండం.
స్టీలు ప్లాంటులో రాత్రి డ్యూటీ దిగి
అవే బూట్లతో వచ్చి
"సి షిఫ్టు" అన్నాడు ఆవలిస్తూ.
పేరు చెప్పాడో, గోడు చెప్పుకున్నాడో
ఇప్పటికీ తెలీదు.

మొదటి కచేరీ గాజువాకలో, టైర్ల షాపు ప్రారంభం.
పదకొండు మంది. అందులో ముగ్గురు టెంటు వాళ్లు.
సినిమా పాట వాయించమన్నారు.
"రాదు" అంది ఫిలోమినా మైకులోనే.
వచ్చు. నాకు తెలుసు.

మంచి రోజులూ వచ్చాయి,
మరీ ఎక్కువేం కాదు, బీచ్ రోడ్డులో ఒక చలికాలం.
యూనివర్సిటీ పిల్లలు
మా పల్లవి మాకంటే ముందే ఎత్తుకునేవారు.
చేపల రేవులో మూతపడ్డ ఐసు గదిలో రికార్డింగు.
రెండో పాటలో చెవిపెట్టి వింటే
మరబోటొకటి స్టార్టవుతుంది.
తీసేద్దామన్నాను.
"శ్రుతిలోనే ఉంది కదా" అని ఉంచేసింది.

హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు, అడ్వాన్సు తెచ్చాడు.
అన్నీ బాగున్నాయి,
ఆ ఒక్క మాట 'వెళ్ళిపోతోంది' అనమన్నాడు.
నాకు మూణ్ణెల్ల అద్దె బాకీ.
రాత్రంతా అలాగే పాడి చూసింది, నా కోసమే అనుకుంటాను.
తెల్లారి గిటారు పెట్టెలో పెడుతూ
"అలాగంటే అది ఎల్లట్లేదురా" అంది.

తుపాను మా యాంప్లిఫయర్లు పట్టుకుపోయింది.
ఎవరడిగినా అదే చెబుతాను.
అప్పటికి నెలరోజులుగా
నేను ఆమె ఫోను ఎత్తడం లేదు.

ఇప్పుడు పెళ్లిళ్లకి సౌండు బాక్సులు అద్దెకిస్తాను.
ఆమె ఇంకా వాయిస్తోంది, అదే పేరుతో, కొత్త పిల్లలతో.
నా బాస్ గిటారు చోట ఒకమ్మాయి,
నేను తడబడే చోట తడబడదు.

మొన్న బాక్సులు కావాలని వచ్చారు.
అద్దె పూర్తిగా తీసుకున్నాను.
ఫిలోమినా సంతకం పెట్టిన రసీదు
ఇంటికొచ్చాక, లైటు కింద
వెనక్కి తిప్పి చూశాను.

ఖాళీ.

పారేయలేదు.