ఇంజను చల్లారాలి

కొరోయికోలో బయల్దేరేటప్పుడు
చిప్స్ ప్యాకెట్లు మామూలుగానే ఉంటాయి.
ఆ పైన రెండు గంటల ఎక్కుడు.
అరటితోటలు వెనకబడి, మబ్బులు చక్రాల కిందికొచ్చి,
చెవులు టప్పుమనే మలుపు దాటేసరికి
మా కండక్టర్ విల్మర్ అమ్మే ఆ ప్యాకెట్లు
తొమ్మిదో నెల కడుపుల్లా బిగుసుకుంటాయి.

లోపలి గాలి అదే. బయటిది పలచబడుతుంది, అంతే.
ఇరవై మూడేళ్ళుగా ఈ బస్సు నడుపుతున్నా.
ఈ పాఠం నాకు ఏ బడీ చెప్పలేదు,
నా నడుం బెల్టు చెప్పింది.

ముప్పై ఎనిమిది మంది ప్రయాణికులు.
అంటే ముప్పై ఎనిమిది ప్యాకెట్లు.
మధ్యాహ్నం అందరూ తిన్నది ఒకే హోటల్లో:
ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, మొక్కజొన్న, జున్ను,
పైన స్ట్రా వేసి పీల్చిన సోడా.

ముందు మాటలు ఆగిపోతాయి.
అద్దంలో చూస్తుంటాను.
మూడో వరసలో నోటరీ గారు
కిటికీ బయట లేనిదాన్ని దేన్నో తీక్షణంగా చూస్తుంటారు.
పెళ్ళిచూపులకు పోతున్నట్టు ముస్తాబైన పిల్ల
కాలు మీద కాలు వేసి, తీసి, మళ్ళీ వేస్తుంది.
పసివాడొక్కడే నిజాయితీపరుడు.
వాడు కానిచ్చేసి నవ్వుతాడు,
బస్సు మొత్తం తరఫునా వాళ్ళమ్మ సిగ్గుపడుతుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
బిగబట్టుకుంటే ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పరు.
నేను చెప్తా: గుండె కింద, ఎడమ పక్క, కత్తి దిగినట్టు.
ఒకసారి గుండెపోటే అనుకున్నాను,
ఆసుపత్రి మెట్ల మీద మనసులో వీలునామా కూడా రాసేశాను
(టైర్ల బాకీ బావమరిదికి).
డాక్టరమ్మ పొట్ట మీద వేలితో తట్టి, డోలు మోత విని,
"సోడా మానెయ్. మెల్లగా నములు.
తిన్నాక కాస్త నడువు" అంది.
నడవడమా? డ్రైవర్ని!

ఆ రాత్రి నుంచి మా బెనెడిక్టా
గింజలు నానబోస్తుంది, నీళ్ళు పారబోస్తుంది, మళ్ళీ పోస్తుంది.
నామీద అలిగిన రోజైనా సరే.
నిద్రలో మూడో నీళ్ళ చప్పుడు వినబడిందంటే
రేపటి మలుపులు తేలికన్నమాట.

బస్సులో అందరికీ బెనెడిక్టాలు ఉండరు కదా.

అందుకే కనుమ మీదికి రాగానే,
నాలుగువేల ఆరువందల మీటర్ల దగ్గర, బ్రేకు వేస్తాను.
"ఇంజను చల్లారాలి. పది నిమిషాలు."
బయట మంచు కురుస్తుంటుంది.
ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

టోపీలు సర్దుకుంటూ దిగుతారు,
ఒకరికొకరు వీపు చేసి
పొగమంచులో తలో దిక్కూ నడుస్తారు.
లామాలు మేత ఆపి తలెత్తుతాయి.
అక్కడ గాలికి ఎప్పుడూ హోరే,
దాని పుణ్యాన ఎవరి పరువు వాళ్ళకి దక్కుతుంది.

రాళ్ళ గుట్ట పక్కన ఎవ్సేబియా అవ్వ
మూన్యా ఆకు మరగబెడుతుంటుంది, పుదీనాకి కొండమీది అక్క అది.
వేడి గ్లాసు పట్టుకుని తిరిగొచ్చిన మొహాలు చూడాలి!
నోటరీ గారు జోకు చెప్తారు, అది బాగుండదు,
అయినా లా పాజ్ దాకా దిగుడంతా నవ్వులే.

నిన్న విల్మర్ అడిగాడు:
"మామా, ఇంత చలిలో ఇంజను నిజంగా వేడెక్కుతుందా?"
పదిహేడేళ్ళవాడు. రాళ్ళు తిన్నా అరిగే వయసు.

"వేడెక్కుతుందిరా" అన్నాను.
బానెట్ ఎత్తిపెట్టి
నేనూ పొగమంచులోకి నడిచాను.