పోపు పెట్టని మూడు దినాలు

మాసమ్మ కోస్గి బస్సు దిగి
న్యూటౌన్ సందుల మా ల్యాబు మెట్లెక్కేసరికి తొమ్మిది.
కొంగు చాటున పెయింటు డబ్బా.
మూడు దినాల మలం.
సద్ది కట్టినంత భద్రంగ మూత చుట్టూ గుడ్డ.
కండక్టర్ అడిగితే మామిడికాయ తొక్కు అన్నదట.

ఆర్నెల్లల్ల పదకొండు కిలోలు తగ్గింది.
"తిన్నది తిన్నట్టే పోతుంది సారూ,
ఒంటికి పడ్తలేదు."

తూచిన. కలిపిన. మరిగించిన.
రంగు మారేదాకా బొట్టు బొట్టు లెక్కవెట్టిన.
రోజుకు రెండు గ్రాముల కొవ్వు.
ఏడు దాటితేనే రోగం.
ప్రింటరు గీరుకుంట గీరుకుంట రాసింది: నార్మల్.

యంత్రం అబద్ధమాడదు అనేటోడు
జడ్చర్లల మాకు డిప్లొమా చెప్పిన సారు.
నిజమే. అడిగినదానికే చెప్తది.

డాక్టరు చీటీల మొదటి వరుస
డబ్బా ఇచ్చిన నాడు నేను చదివి వినిపించలే.
సోమవారం, రద్దీ, ఇరవై మంది షుగరోళ్లు.
'రోజూ వంద గ్రాముల కొవ్వు తినవలెను.'
ఇప్పుడడిగిన,
ఏం తిన్నవమ్మా ఆ మూడు దినాలు?

"పరీక్ష అంటే ఒక్కపొద్దే గద సారూ!
జొన్నగట్క, పచ్చిపులుసు.
పోపు గూడ పెట్టుకోలే."
గర్వంగనే చెప్పింది.

మామూలు రోజుల్లనైనా
అర లీటరు పాకెటు, అయిదుగురు, పదిహేను దినాలు.
వేలి కణుపుల మీద లెక్క మొదలువెట్టి
నడుమ ఆపేసిన.

నీళ్లు పొయ్యని కుండ
కారుతలేదని
సంతకం పెట్టింది నేనే.

కాయితం చింపిన.
కిందికి పోయి రెండు పాకెట్లు పల్లీనూనె కొనుక్కొచ్చి
కొత్త డబ్బా పక్కన పెట్టిన.
వరుసవెట్టి చెప్పిన:
రొట్టె మీద ఇంత, కూరల ఇంత,
పొద్దుగాల ఇంత, మాపటికి ఇంత.
మాసమ్మ పాకెటును చేతిల ఎత్తి బరువు చూసింది.
"ఇంత నేనొక్కదాన్నే తినాల్నా?
పోరగాండ్లు చూస్తుంటరు గద.
ఓ చెంచ వాళ్లకేస్తే
మీ లెక్క తప్పుతదా సారూ?"

తప్పుతది.
ఆ మాట నా నోట్లెనే ఉంది.
ఉండంగనే పదిన్నర బస్సుకు ఆమె దిగిపోయింది
నూనె మీద డబ్బా, డబ్బా మీద కొంగు.

వచ్చే గురువారం తెస్తది.
ఈసారి ఎంతొచ్చినా సంతకానికి ముందు
కోస్గికి ఫోన్ చేసి
ఆ పిల్లల్ని అడగాలె,
రొట్టె ఎట్లుండె అని.