నూట తొంభై ఆరు టేపులు

ఇరవై రెండేళ్లు తొక్కాను మిషను పెడలు.
ఎంత దూరం వచ్చానంటే
కిటికీ పక్కనుంచి కిటికీ పక్కకే.

డాక్టరు చీటీలో మందులకన్నా పైన రాశాడు
రోజూ నలభై నిమిషాలు నడవమని.
ఎక్కడో రాయలేదు.
సింగ్‌నగర్‌లో మా వీధి
సగం మురుక్కాలవ, సగం బళ్లు,
మిగిలిన జానెడులో
కుక్కా నేనూ ఒకరికొకరం దారిచ్చుకోవాలి.
నడిచిన రెండు రోజులూ అడిగారు:
"ఎవరికన్నా బాగోలేదా, అంత గబగబా పోతున్నావు?"
పని లేకుండా నడిచే ఆడమనిషి
మా వీధికి అర్థం కాదు.

తర్వాత చెత్తకుప్పల జాగాకి కంచె వేశారు.
మట్టి లారీలొచ్చాయి. పచ్చగడ్డి పరిచారు.
పాత గోడ మీద బుడమేరు నీటి చార
ఛాతీ ఎత్తున అలాగే ఉంది,
దాని కింద మోకాలెత్తు కానుగ మొక్కలు.

మొదటిరోజు గేటు దగ్గరే ఆగిపోయాను
టికెట్టు ఎంతో అని.
"ఊరికేనమ్మా" అన్నాడు వాచ్‌మన్ ఏసోబు
వాళ్ల తాత రాసిచ్చిన స్థలంలా.

ఒక రౌండు ఎంతుంటుందో ఎవరూ చెప్పలేకపోతే
మెడలోంచి టేపు తీశాను.
ఆ కొస మస్తాన్‌బీ, ఈ కొస నేను,
వంగుతూ, లేస్తూ, లెక్క తప్పి మళ్లీ మొదలెడుతూ
నూట తొంభై ఆరు టేపులు.
మర్నాడు నడుం పట్టేసి ఇద్దరం రాలేదు.

ఇప్పుడు నడకలు చూస్తే మనుషులు తెలుస్తారు
జాకెట్టు కొలతల్లా.
రిటైరైన బ్యాంకాయన చేతులూపుతాడు, కాళ్లు మరిచిపోతాడు.
ఆటో వజ్రం పిల్లలు
జారుడుబల్లని కిందనుంచి పైకే ఎక్కుతారు.
మస్తాన్‌బీ
నీళ్ల ట్యాంకు వెనక, ఎవరూ చూడని మలుపులో,
బుర్ఖా అంచు గుప్పిట పట్టి
పది అంగలు పరుగెత్తి
ఏమీ ఎరగనట్టు బయటికొస్తుంది.
నేను నా జాకెట్లు నాలుగింటికి
నడుం దగ్గర ఒక కుట్టు లోపలికి వేసుకున్నాను.

కోటమ్మ పిన్ని ఒక్కతే నడవదు.
నాలుగిళ్ల పని ముగించి
సిమెంటు బల్ల మీద కాళ్లు చాపుకుంటుంది.
"ఒక్క రౌండు రా పిన్నీ" అంటే
"పొద్దుట్నించీ రౌండులోనే ఉన్నానే" అంటుంది.
ఆ పగిలిన మడమల ముందునుంచి వెళ్లేటప్పుడు
ఎందుకో నా అడుగు చప్పుడు నాకే గట్టిగా వినిపిస్తుంది.

పెళ్లిళ్ల రోజులు. కుట్లు తెమిలేసరికి ఏడున్నర.
ఎనిమిదింటికి ఏసోబు తాళాలు గలగలలాడిస్తాడు.
"కాస్త ఆగయ్యా,
ఇంకా తొంభై ఎనిమిది టేపులున్నాయి."