అక్షరానికి పన్నెండు రూపాయలు

నిచ్చెన మీంచి గవరయ్య అరిచాడు:
"ఏటమ్మా ఇది, పేరా? కోడి కెలికిన పెంటా?"

ఆమదాలవలస రైల్వే గేటు పక్క గోడ.
వేసిన సున్నం ఇంకా తడిగానే ఉంది.
మూడు వారాలు కూర్చుని
బుడితి ఇత్తడి సామాన్లకి నేను కట్టిన సైటు,
దాని చిరునామా అతని చేతి కాగితంలో:
ఓ ప్రశ్నార్థకం, రెండు సమానాలు,
నలభై ఏడో విభాగం, మూడువందల పన్నెండో వస్తువు,
చివర్న, ఎందుకుందో నాకే తెలీని
ఏడంకెల తోక.

"అచ్చరానికి పన్నెండు. సుక్కకీ గీతకీ అంతే.
మొత్తం డెబ్బై మూడు. లెక్కెట్టుకో."

ఎనిమిదివందల డెబ్బై ఆరు.

"డబ్బులు నీయి, నాకేటి.
గేటు పడ్డప్పుడు సైకిలు దిగినోడు
గేటు లేసేలోపు ఇది సదవగలడేటి?"

స్క్రీను ముందు కూర్చున్న ఇన్నేళ్ళలో
ఇలా ఎవరూ అడగలేదు నన్ను.

అంతకు ముందు తెలుగులోనూ పెట్టి చూశాను.
నా దగ్గర చక్కగా "చెంబులు" అనే ఉంది.
దమయంతి ఫోనుకి పంపేసరికి
శాతం గుర్తు, ఈ, సున్నా, మళ్ళీ శాతం, బీ, సున్నా...
ఒక్క చెంబులకి అరవై మూడు ముక్కలు!
"ఇత్తడి పగిల్తే అతుకుతాం గానీ
దీన్నెక్కడ అతకమంటావమ్మా" అని నవ్వింది.

టీ బడ్డీ బల్ల మీద కూర్చుని
పెన్సిలుతో కొట్టేయడం మొదలెట్టాను.
అచ్చులోంచి తీసిన చెంబు అంచున
మిగిలిపోయిన ఇత్తడిని
దమయంతి మామ ఆకురాయితో రాస్తాడే, అలా.
తోక పోయింది. అంకెలు పోయాయి.
మా కంప్యూటరు గుర్తు కోసం పెట్టుకున్నవన్నీ పోయాయి,
దాని గుర్తులు అదే దాచుకోనీ.

మిగిలింది:
బుడితి, ఓ ఏటవాలు గీత, చెంబులు.
ఇంగ్లీషు అక్షరాలు, మన నోటి మాట.

గవరయ్య కుంచె ముంచి ఆగాడు.
"తి కి హెచ్ ఎట్టాలా, ఒగ్గీయాలా?
మావోళ్ళు సగంమంది ఎడతారు, సగంమంది ఎట్టరు."

"నీకెలా బావుంటే అలా రాయి."

ఆ రాత్రి రెండు తలుపులు బిగించాను,
హెచ్ తో ఒకటి, హెచ్ లేకుండా ఒకటి.
రెండూ ఒకే గదిలోకి.
దమయంతి అప్పటికే బిల్లుబుక్కు మీద అచ్చేయించిన
ఆ పాత డెబ్బై మూడక్షరాల కొండచిలవకి కూడా
ఓ సందు తీసి ఇక్కడికే కలిపాను.

రెండేళ్ళయింది.
"చెంబులు మానేశాం, దీపాలే పోస్తన్నాం,
ఆ పేజీ తీసీమ్మా" అంది మొన్న.

తియ్యలేదు.
గోడ మీద ఎర్ర రంగు వెలిసింది గానీ
మాట ఇంకా చదవొస్తోంది.
గుణుపూరు బండికి రోజూ గేటు పడుతుంది,
ఎవరో ఒకరు సైకిలు దిగుతారు.

ఆ తలుపు తీస్తే లోపల చెంబుల్లేవు.
"దీపాలు పక్క గదిలో, ఇలా రండి"
అని మాత్రం ఉంటుంది.